యూ టీ ఆంటీ, మాంట్‌సెరాట్ కుర్చీ

బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో సర్వర్ పడిపోయి అందరం తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు ఫోన్ వచ్చింది. సింగపూరు యూ టీలో నేను ఇదివరకు ఆంటీ దగ్గర అద్దెకున్న ఇంటి పక్క ఫ్లాట్‌లో ఉండే మలయ్ ఆవిడ. ఆంటీ పొద్దున ఎనిమిదైనా తలుపు తీయలేదని, తన దగ్గరున్న తాళంచెవితో వెళ్లి చూస్తే ఇంకా పక్క మీదే ఉందని, డాక్టరు వచ్చి నిద్రలోనే పోయిందన్నాడని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఆంటీ ఆరింటికల్లా లేచి, దుప్పటి మూలలు లోపలికి మడిచి, ఆస్పత్రి మంచంలా పక్క సర్దేసేది. జ్వరమొచ్చినా అంతే. ఎనిమిదింటికి పక్క మీద ఉందన్నాకే, పోయిందన్న మాట నేను నమ్మాను. ఆ తర్వాత సర్వర్ సంగతి ఎవరు చూశారో నాకు తెలియదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ మతి తప్పుతాయని లోకమంతా హడలిపోయిన రోజుల్లో, కాస్త ప్రోగ్రామింగ్ వచ్చిన ప్రతివాడినీ విమానం ఎక్కించేశారు. అలా తెనాలి నుంచి నేనూ సింగపూరొచ్చి పడ్డాను. కంపెనీవాళ్లు బిషాన్‌లో తీసుకున్న ఫ్లాట్ నిండా మగపిల్లలే. ఆడపిల్లకు గది కావాలంటే ఎవరో యూ టీలో ఒక తెలుగు ఆంటీ ఉందన్నారు. తెలుగు ఆంటీ అన్నారు గానీ, ఆవిడ పుట్టింది మలేషియాలో, పెరాక్ కొబ్బరితోటల్లో. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్లినాయన. ఆయన తెలుగే ఆవిడ నోట్లో అలాగే ఉండిపోయింది, మధ్యమధ్య అరవం, మలయ్ నంజుకుంటూ. సెరంగూన్ రోడ్డు అరవ కొట్లలో గోంగూరని పుళిచ్చకీరై అని బేరమాడి, సంచిలో వేసుకున్నాక నాతో గోంగూర అనేది.

ఆంటీ నర్సు. పంతొమ్మిదేళ్ల వయసులో ఇంగ్లండు వెళ్లి చదువుకుని, తిరిగొచ్చి, ఇక్కడి ఆస్పత్రుల్లో పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లకి "ఆ డ్యూటీ నాకు పడనేదు" అనేది. అంతకు మించి ఎవరూ రాబట్టలేకపోయారు, నేనూ ప్రయత్నించలేదు.

వచ్చిన మొదటి ఆదివారమే ఆవిడ ముందు నా పరువు పోయింది. బ్లాకు కింద కాఫీషాపు కిటకిటలాడుతోంది. ఆంటీ కాఫీ తేవడానికి వెళ్తూ నన్ను చోటు చూడమంది. ఒక కుర్చీ ఖాళీగా కనిపించింది. దాని మీద ఎవరో మర్చిపోయిన టిష్యూ ప్యాకెట్. దేవుడే పంపాడనుకుని చింపి ముఖం తుడుచుకుని, కూర్చున్నాను. రెండు నిమిషాల్లో ఒక చైనా పెద్దాయన నూడుల్స్ గిన్నెతో వచ్చి, నన్నూ ప్యాకెట్‌నీ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయాడు. ఆంటీ పరుగున వచ్చి ఆయనకి క్షమాపణ చెప్పి, నన్ను లేవదీసింది. కుర్చీ మీద టిష్యూ పెడితే అది చోప్ చేసినట్టట, అంటే ఆ చోటు పట్టేసుకున్నట్టట. సిగ్గుతో చచ్చి, మా వైపు బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పడతామనీ, ఆ కర్చీఫ్ మీద కూర్చునే మగాడు పుట్టలేదనీ చెప్పాను. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. మా తాత కూడా ఓడలో తువ్వాలేసే చోటు పట్టుంటాడు అంది.

తర్వాత ఇద్దరికీ మూల టేబుల్ దొరికింది. నా పక్కన కూర్చుని ఆంటీ బ్యాగులోంచి ఒక టిష్యూ ప్యాకెట్ తీసి ఎదుటి కుర్చీ మీద పెట్టింది. ఎవరో వస్తారనుకున్నాను. కాఫీ అయిపోయింది, ఎవరూ రాలేదు. ట్రే పట్టుకుని వచ్చి "ఎనీవన్?" అని అడిగిన వాళ్లకల్లా ఆంటీ "గాట్ పీపుల్ లా" అనే చెప్పింది, మనిషి ఉందని. మరుసటి వారం కూడా అంతే. మూడోవారం ఉండబట్టలేక అడిగేశాను.

ఇంగ్లండులో నర్సుల హాస్టల్లో మొదటి రోజు భోజనాల గదిలోకి వెళ్తే, ఏ బల్ల దగ్గర నిలబడినా "ఇక్కడ మనిషి ఉంది" అన్నారట. పళ్లెం చేత్తో పట్టుకుని గోడవారగా నిలబడిపోయిందట ఆంటీ. అప్పుడు చివరి బల్ల దగ్గర కూర్చున్న ఒక నల్లమ్మాయి, జేబులోంచి చేతిరుమాలు తీసి పక్క కుర్చీ మీద పరిచి, గది మొత్తానికి వినబడేలా, "ఇక్కడా మనిషి ఉంది, అదిగో ఆ అమ్మాయే" అందట. ఆ అమ్మాయిది మాంట్‌సెరాట్. ఆ రాత్రి నుంచి ఇద్దరిదీ ఒకే గది. నైట్ డ్యూటీ నుంచి ఎవరు ముందొస్తే వాళ్లు రెండో కుర్చీ మీద రుమాలు వేసేవారట. చదువయ్యాక ఆవిడ తన దీవికి, ఆంటీ ఇక్కడికి. మళ్లీ చూసుకోలేదు. "పేషెంటుకి మందు కన్నా ముందు, కుర్చీ లాక్కుని పక్కన కూకునే మనిషి కావాలి పిల్లా," అంది ఆంటీ.

మాంట్‌సెరాట్ ఎక్కడుందో నాకు తెలియదు. ఆఫ్రికాలోనా అన్నాను. ఆంటీ ఇంటికెళ్లగానే ఫ్రిజ్‌లోంచి బేరిపండు తీసి, తొడిమ పైకి పెట్టి, కత్తిమొనతో చూపించింది. కరీబియన్ సముద్రంలో ఈ ఆకారంలోనే ఉంటుందట దీవి. పైన తొడిమ దగ్గర ఉత్తరం, పొడిగా ఉంటుంది. మధ్యలో అడవి కొండలు. కింద లావుపాటి భాగంలో సూఫ్రియేర్ అగ్నిపర్వతం. ఆ కొండ పాదాల దగ్గర, పడమటి ఒడ్డున ప్లిమత్, రాజధాని. సముద్రపుటొడ్డున ఇసక నల్లగా ఉంటుంది, ఒక్కచోట తప్ప. ఆంటీ ఆ దీవిలో ఏనాడూ కాలు పెట్టలేదు. అయినా ప్లిమత్‌లో బజారు దాటి ఎటు తిరిగితే ఆస్పత్రి వస్తుందో చెప్పేది. రూమ్‌మేట్ చలికి నిద్రపట్టక ప్రతి రాత్రీ ఊరంతా తిప్పి చూపించేదట. బదులుగా ఆంటీ కొబ్బరితోటలు తిప్పేదట. చెప్పడం అయ్యాక బేరిపండు కోసి ప్లిమత్ ముక్క నాకే పెట్టింది.

అక్కడి నల్లవాళ్లకి ఐరిష్ ఇంటిపేర్లు ఉంటాయని చెప్పి మురిసిపోయేది. చెరకుతోటల యజమానుల్లో ఐర్లండు వాళ్లు ఎక్కువట, బానిసలకి వాళ్ల పేర్లే అంటుకున్నాయట. రూమ్‌మేట్ పేరు చూసి హాస్టల్ మాట్రన్ ఎర్రజుట్టు ఐరిష్ పిల్ల వస్తుందని ఎదురుచూసి, తలుపు తీసి నోరెళ్లబెట్టిందట. ఐరిష్‌వాళ్ల సెయింట్ పాట్రిక్ పండగ అక్కడా చేస్తారు గానీ, అదే రోజున బానిసలు తిరగబడదామనుకుని పట్టుబడ్డారు కాబట్టి వాళ్ల కోసం కూడా చేస్తారట. పెద్ద కప్పని కొండకోడి అని పిలుచుకుని తింటారని చెప్పిన రోజున నేను అన్నం దగ్గర్నుంచి లేచిపోయాను.

పరిపాలన సంగతి చపాతీలు చేస్తూ చెప్పింది. దీవి బ్రిటన్‌ది. రాణి పంపిన గవర్నరు ఒకడు, జనం ఓట్లేసి పంపిన వాళ్లలోంచి ముఖ్యమంత్రి ఒకడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నాను. "వార్డు నడిపేది సిస్టర్. మందుల బీరువా తాళం మాట్రన్ దగ్గరుంటాది. ఇద్దరికీ పడకపోతే సచ్చేది పేషెంటు," అంది. సివిక్స్ మాస్టారు ఒక ఏడాది చెప్పినా నాకింత బాగా ఎక్కలేదు.

ఆ కొండ మా ఆంటీ జీవితంలో బూడిద పోసింది. నేను సింగపూరు రావడానికి రెండు మూడేళ్ల ముందు సూఫ్రియేర్ లేచింది. మొదట పొగ, తర్వాత బూడిద, ఆ తర్వాత మంటల్లా కాగే బురద. ప్లిమత్ ఇళ్ల కప్పులదాకా కూరుకుపోయింది. మనుషులు చచ్చిపోయారు. బతికున్న వాళ్లలో సగానికి పైగా దీవి వదిలి ఇంగ్లండుకో ఆంటిగ్వాకో పోయారు. ఏటా క్రిస్మస్‌కి వచ్చే కార్డు రావడం మానేసింది. ఆంటీ రాసినవి వెనక్కి రాలేదు, జవాబూ రాలేదు. టీవీ వార్తల్లో ఒకసారి బూడిదలోంచి చర్చి గోపురం మొన కనిపించిందట. ఆస్పత్రి దానికెంత దూరమో ఆంటీకి తెలుసు. ఆ రోజు అన్నం వండలేదని పక్కింటావిడ చెప్పింది.

నా దగ్గర ఇంటర్నెట్ ఉంది. మా ఆఫీసులో పగలంతా ఎవరి తప్పులో దిద్దుతూ కూర్చునేవాళ్లం. భోజనం వేళలో నేను మాంట్‌సెరాట్ వెతికేదాన్ని. దేశాలు పట్టిపోయిన ఆ దీవివాళ్లు ఒకళ్లనొకళ్లు వెతుక్కునే పేజీ ఒకటి కనిపించింది. ఆంటీ రూమ్‌మేట్ పేరు, ఆస్పత్రి, ఇంగ్లండులో చదివిన సంగతి, అన్నీ రాసిపెట్టాను. వారాలు గడిచాయి. ఆంటీ నేరుగా అడిగేది కాదు. తలుపు తీస్తూనే "ఆఫీసులో ఏటి కబురు?" అనేది. ఏమీ లేదు ఆంటీ అనేదాన్ని. సరే కాళ్లు కడుక్కో అనేది. రోజూ ఆ ప్రశ్నకి అలా జవాబు చెప్పాల్సి రావడం నాకు ఆ ఉద్యోగం మొత్తంలో కష్టమైన పని.

చివరికి లండన్ నుంచి ఒకాయన రాశాడు. సిస్టర్, అంటే ఆంటీ రూమ్‌మేట్, బతికే ఉంది. దీవి వదలనని మొండికేసి ఉత్తరానికి వెళ్లిపోయింది. బడి భవనంలోకి మారిన ఆస్పత్రిలోనే చాలాకాలం పనిచేసింది. ఇంట్లో ఫోన్ లేదు, కింద దుకాణంలో ఉంది, నంబరు ఇదీ అని. ఆ కాగితం ముక్క ఆంటీ చేతికిస్తే తీసుకోకుండా ముందు వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ఫోన్‌లో మాట్లాడ్డానికి చీర మార్చుకున్న మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను.

గొప్పగా ఏదో మాట్లాడుకుంటారనుకున్నాను. బాగున్నావా అంటే బాగున్నాను. మోకాళ్లెలా ఉన్నాయంటే ఉన్నాయి. ఊరెలా ఉందని ఆంటీ అడిగింది. లైనులో గరగర. ఆదివారం, తొమ్మిది అని ఏవో రెండు ముక్కలు అని పెట్టేసింది. నాకు ఉసూరుమనిపించింది. ఆంటీ మాత్రం వంటగదిలోకి వెళ్తూ, ఆదివారాలు ఏర్పాటు చేసుకున్నాం అంది.

ఏర్పాటు ఏమిటంటే, ఇక్కడికీ అక్కడికీ సరిగ్గా పన్నెండు గంటల తేడా. గడియారంలో ముళ్లు రెండు చోట్లా ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆంటీ కాఫీషాపులో కూర్చుంటుంది. అక్కడ శనివారం రాత్రి తొమ్మిదింటికి ఆవిడ తన వరండాలో టీ పెట్టుకుని కూర్చుంటుంది. ఎదుటి కుర్చీ మీద ఇక్కడ టిష్యూ, అక్కడ రుమాలు. ఫోన్ అక్కర్లేదు. వానొచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా ఆంటీ ఒక్క ఆదివారం తప్పలేదు. తొమ్మిదిన్నరకి లేచి, "ఎల్లిపోనాది. నిద్దరొస్తాదిగా దానికి," అనేది.

ఒక ఆదివారం కాఫీషాపులో, నెట్‌లో చదివింది చెప్పాను. గవర్నమెంటు ఆఫీసులన్నీ ఉత్తరానికి మారినా, ప్లిమత్‌లో పిట్ట కూడా లేకపోయినా, చట్టం ప్రకారం రాజధాని ఇంకా ప్లిమతేనట. ఆంటీ ఎదుటి కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ సరిచేసింది.

"గవర్నమెంటోళ్లు కూడా చోప్ చేసీసినారు సూడు," అంది.

నా పని చోటు మారి ఆర్నెల్ల కిందట బిషాన్‌కి వచ్చేశాను. ఈసారి ఆడపిల్లల ఫ్లాట్. నలుగురం ఉంటాం, నాలుగు షిఫ్టులు, ఎవరి గిన్నె వాళ్లదే. రాత్రి తలుపు తీస్తే ఏటి కబురని అడిగే మనిషి లేదు. ఆదివారాలు యూ టీ వెళ్దామనుకునేదాన్ని. కొన్ని వెళ్లాను. మిగతావి నిద్రపోయాను. ఆంటీ ఈ ఏడాది పాస్‌పోర్టు కొత్తది చేయించుకుంది. వచ్చే వేసవిలో ఆంటిగ్వా దాకా విమానం, అక్కడి నుంచి మాంట్‌సెరాట్‌కి పడవ అని చెప్పింది. దిగగానే పాస్‌పోర్టు మీద ఐర్లండువాళ్ల గుర్తు, మూడాకుల ముద్ర వేస్తారట, అది వేయించుకొచ్చి నాకు చూపిస్తానంది.

మండాయ్ శ్మశానంలో దహనానికి మలేషియాలోని ఇపో నుంచి అన్నదమ్ముల పిల్లలు వచ్చారు. మంచివాళ్లే. మీరెవరని అడిగితే అద్దెకున్నదాన్ని అని చెప్పాను. కొబ్బరితోటల తెలుగులో వాళ్లు ఏడుస్తుంటే అందరి గొంతుల్లోనూ ఆంటీ వినబడి, వెనక వరసలోకి వెళ్లి నిలబడ్డాను.

గురువారం నుంచీ మాంట్‌సెరాట్‌లో సిస్టర్ ఇంటి కింద దుకాణానికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతుంది, ఎవరూ తీయరు. శనివారం ఎవరో తీసి, సిస్టర్ ఇప్పుడు ఇంట్లో లేదని, చెప్పే విషయమేమిటని అడిగారు. ఆ మాట మూడో మనిషి చేత చెప్పించడానికి మనసొప్పలేదు. సోమవారం మళ్లీ చేస్తానన్నాను. పెట్టేశాక గుర్తొచ్చింది, మధ్యలో ఆదివారం ఉంది.

నిన్న పొద్దున బిషాన్‌లో రైలెక్కాను. యూ టీ దాకా మారనక్కర్లేదు. కాఫీషాపు మామూలుగానే కిటకిటలాడుతోంది. కాఫీ కలిపే అంకుల్ నన్ను చూసి, ఆంటీ ఏదీ అన్నాడు. నేను చిల్లర కోసం బ్యాగులో వెతికాను. ఆయన రెండు కాఫీలు కలిపి ఇచ్చాడు. మూల టేబుల్ దగ్గర ఆంటీ కూర్చునే వైపు కూర్చున్నాను. ఆ కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదలు. ఆంటీ పోయిందని తెలియకుండా సిస్టర్ అక్కడ రుమాలు పరుచుకుని, ఎవరూ లేని కుర్చీతో ఒక్కర్తీ కూర్చోవడం నాకిష్టం లేదు. తెలిశాక ఎలాగూ అదే కదా. ఈ ఒక్క వారం ఇటువైపు మనిషి ఉండాలి.

తొమ్మిదైంది. బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి ఎదుటి కుర్చీ మీద పెట్టాను. పైన ఫ్యాను గాలికి దాని ప్లాస్టిక్ అంచు రెపరెపలాడుతోంది. ఒక జంట ట్రేలు పట్టుకుని వచ్చి, కుర్చీ వైపు చూసి, "ఎనీవన్?" అన్నారు.

"గాట్ పీపుల్ లా," అన్నాను.

వాళ్లు తలూపి వేరే టేబుల్ వెతుక్కుంటూ వెళ్లిపోయారు. తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాను.