చేబదులు ఇంజిన్

మా షెడ్డులో ఒక ఇంజిన్ నుంచి సామాను ఊడదీసి ఇంకో ఇంజిన్‌కు బిగించడాన్ని చేబదులు అంటాం, పక్కింటి నుంచి గ్లాసుడు పంచదార తెచ్చుకున్నట్టు. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఎక్కువగా వాడేది నేనే. మరమ్మతులు చూసే ఇంజనీరును నేనే కదా.

మాది రేవు పక్కన ప్రైవేటు రైలు సైడింగు. ఓడల్లో దిగిన బొగ్గును వ్యాగన్లకెత్తాక, వాటిని పెద్ద లైను దాకా లాగడానికి రెండు పాత డీజిల్ ఇంజిన్లున్నాయి. ఉప్పుగాలికి ఒళ్లంతా తుప్పు. అది ఎలాగో భరించవచ్చు, లోపలి సామాను దొరకదే! తయారుచేసిన కంపెనీ ఆ మోడలు మానేసి చాలా కాలమైంది. ఏ పంపు పోయినా చెన్నైలో ప్రత్యేకంగా చేయించాలి. అది వచ్చేలోగా వ్యాగన్లు నిలబడిపోతే, ఆలస్యానికి కట్టే జరిమానా పంపు ఖరీదును మించిపోతుంది. అందుకని ఒక ఇంజిన్‌ను ఆపేసి, దాని సామానుతో రెండోదాన్ని నడపడమే చవక. ఈ లెక్క మా మేనేజరుకు చెప్పింది నేనే. భలే అన్నాడు. నేనూ పొంగిపోయాను.

ఆపేసిన ఇంజిన్‌కు ఒక డ్రైవరున్నాడు. సూళ్లూరుపేట అవతల పల్లె అతనిది. కాంట్రాక్టు మనిషి. ఇంజిన్ ఉన్నన్నాళ్లే ఉద్యోగం. నడవని బండి అయినా పొద్దున్నే వచ్చి అద్దాలు తుడుస్తాడు. ఆయుధపూజకు దానికీ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టాడు. అవతలి డ్రైవరు సెలవు పెట్టినప్పుడు మాత్రం అతనితో మాకు పని పడుతుంది.

మొన్నామధ్య చిల్లకూరులో లారీలున్న ఒకాయన అతన్ని పనికి పిలిచాడు. అతను తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, లారీ ఆయన రేపటికల్లా చెప్పమంటుండాడు. మన బండి మళ్లీ లేస్తుందా? లేవదంటే పోతా. నువ్వెట్ట చెప్తే అట్టే."

ఆ బండి ఇక లేవదని నాకు తెలుసు. బొగ్గు రద్దీ తగ్గాక పాత ఇనుము కింద అమ్మేద్దామని మేనేజరు ఆ పొద్దున్నే అన్నాడు. "డ్రైవరుకు ఇప్పుడే చెప్పకండి, సెలవులకు మనిషి దొరకడు" అని కూడా అన్నాడు. లేవదు, వెళ్లిపో అని నేను చెప్పి ఉంటే ఏమయ్యేది? మేనేజరు మొహం చిట్లించేవాడు, అంతే. ఆ మాత్రానికే భయపడ్డాను. ఇంత చదువూ చదివి, ఇంత పిరికిదాన్నా?

"లేస్తుందిలే, కాస్త ఓపిక పట్టు" అన్నాను.

అతను నా ఎదుటే ఫోను చేసి లారీ ఆయనకు రానని చెప్పేశాడు. ఆ రోజు నుంచి అతను ఎదురైతే నాకు ఫోనులో ఏదో పని తగులుతుంది.

ఈ వారం నడుస్తున్న ఇంజిన్ బొగ్గు వ్యాగన్లతో సహా దారిలో ఆగిపోయింది. ఫ్యూయల్ పంపు పోయింది. ఆపేసిన బండిలో ఇంకా మిగిలిన మంచి వస్తువు అదొక్కటే. అది కూడా తీసేస్తే బాగుచేయడానికి అందులో ఏమీ ఉండదు. ఫిట్టరును పిలవాలా వద్దా అని నేను నసుగుతుంటే, డ్రైవరే స్పానర్లు తీసుకుని తన బండి ఎక్కాడు. కాసేపటికి పంపును తన తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని దిగాడు.

"లారీ ఆయన నిన్ననే ఇంకొకర్ని పెట్టుకున్నాడంటక్కా. పోనీలే, నాకు నా బండి ఉంది గదా" అన్నాడు నవ్వుతూ. "దీన్ని పైలంగా బిగించమని చెప్పు. మళ్లీ నా బండికి రావాల్సిన సామాను."

చెబుతానన్నాను. రెండు చేతులూ చాపి పంపు అందుకున్నాను.