మొండి కత్తెర అని కొట్టమ్మా

మా బాబాయికి ఏ ఫొటో చూపించినా అందులో ఉన్నదంతా చెప్పేవాడు, దాన్ని ఎందుకు తీశారో అది తప్ప. చిక్కేమిటంటే, పత్రికాఫీసులో ఆయన ఉద్యోగమే అది చెప్పడం.

నాకే కాదు, ఆఫీసంతటికీ ఆయన బాబాయే. మెట్ల కింది గదిలో ఉన్న ఫొటో లైబ్రరీ ఆయనది. కెమెరావాళ్ళు తెచ్చిన ప్రతి ఫొటో లోపలా, పైకి కనబడకుండా, కొన్ని మాటలు రాసిపెట్టాలి. కీవర్డ్స్ అంటారు. తర్వాత ఎవరైనా ఆ మాట కంప్యూటర్లో కొడితే లక్షల్లోంచి ఆ ఒక్క ఫొటో పైకి తేలుతుంది. తేలాలి మరి. నేను పేజీలు కూర్చేదాన్ని కనక రోజూ ఆ గది గుమ్మం తొక్కక తప్పేది కాదు.

"బాబాయ్, మేయర్ రిబ్బన్ కత్తిరించే ఫొటో కావాలి. మేయర్ అంటే రావడం లేదు."

"మొండి కత్తెర అని కొట్టమ్మా."

కొడితే వచ్చింది. కత్తెర తెగక మేయర్ గారు పళ్ళు బిగించి ఉన్నారు. కీవర్డ్స్ చూస్తే మొండి కత్తెర, ఒక కాలికే సాక్సు, జేబులన్నీ తడుముకుంటున్న ఆయన, ఆవులింత, ఇంకా ఓ చాంతాడంత ఉన్నాయి.

"మేయర్ అని కూడా ఒక ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది?"

"మేయర్లు మారిపోతారమ్మా. ఆ కత్తెరే ఇప్పటికీ వాడుతున్నారు."

మేమే ఆయన భాష నేర్చుకున్నాం. కొత్త వంతెన కావాలంటే 'గొడుగు మరిచిపోయిన మనిషి' అని కొట్టాలి. బడ్జెట్ సమావేశానికి 'బిస్కెట్లు' చాలు.

ఇంట్లోనూ అంతే. తమ పెళ్ళి ఫొటోకి ఆగిపోయిన ఫ్యాను, మూడో వరసలో గొడవ, తారుమారైన చెప్పులు అని రాసి పిన్నికి చూపించాడట.

"అందులో నేను లేనా?" అందట పిన్ని.

"నువ్వు పక్కనే ఉన్నావుగా. వెతుక్కోవాల్సిన పనేముంది?"

ఆ మాటకి పిన్ని కోప్పడాలో వద్దో తేల్చుకోలేక లోపలికి వెళ్ళిపోయిందట.

ఇలా సాగుతుండగా ఒక శుక్రవారం నాడు, ఆదివారం పేజీల ఇన్‌చార్జి గారు బాబాయి గదిలోకి దిగారు. వెనకాలే నేను.

"అప్పట్లో ఒక గాయని పాట మధ్యలో మరిచిపోయి స్టేజి మీదే ఏడ్చేసింది, గుర్తుందా? ఇన్నేళ్ళకి ఎల్లుండి మళ్ళీ పాడుతోందట. ఆ ఏడుపు ఫొటో పెద్దగా వేద్దాం. జనం సరదాగా చూస్తారు."

"పొద్దున్నే అది చూసుకుని సాయంత్రం పాడాలాండి ఆవిడ?" అన్నాడు బాబాయి.

"అది ఆవిడ తిప్పలు. నువ్వు ఫొటో వెతికి తియ్యి."

గాయని అని కొడితే ఏమీ రాలేదు. ఏడుపు అంటే టీకా వేయించుకుంటున్న పిల్లాడు వచ్చాడు. కన్నీళ్ళు అంటే ఉల్లిపాయల బుట్ట వచ్చింది. ఇన్‌చార్జి గారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఫొటో చూసి వాటంతటవే మాటలు రాసుకునే మెషీన్లు వచ్చాయి. సాయంత్రంలోగా ఇది దొరక్కపోతే నీ కుర్చీలో అలాంటిదొకటి కూర్చుంటుంది."

బాబాయి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సరదా ఫొటోయే కావాలంటే ఇంకోటి ఉందండి," అని 'ఈగ' అని కొట్టాడు.

మా వార్షిక సమావేశం. చైర్మన్ గారు మాట్లాడుతున్నారు. వెనక వరసలో ఇన్‌చార్జి గారు తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నారు. కింది పెదవి మీద ఈగ.

ఇన్‌చార్జి గారు వెళ్ళి తలుపు మూసి వచ్చారు. "దీన్ని తీసెయ్."

"ఫొటోలు తీసెయ్యడం నా చేతుల్లో లేదండి. మాటలైతే మారుస్తాను."

"మార్చు. ఈగ ఉండకూడదు. నేనసలు ఉండకూడదు."

బాబాయి ఉన్నవన్నీ చెరిపి 'తడి గోడ' అని మాత్రం రాశాడు.

"ఇదేంటి?"

"ఎవరూ వెతకని మాటండి."

ఇన్‌చార్జి గారు ఊరికే నమ్మే రకం కాదు. కీబోర్డు లాక్కుని తనే 'తడి గోడ' అని కొట్టి చూశారు.

తెర నిండిపోయింది. ఒక్క గోడా లేదు. గాలికి విగ్గు ఎగిరిపోయిన పెద్దమనిషి, పరుగుపందెంలో బురదలో పడ్డ పోలీసు, మైకు ముందు రెండు చేతుల్తో మొహం కప్పుకున్న గాయని. ఖాళీ కుర్చీకి కూడా చాంతాడంత రాసే మనిషి, వీళ్ళలో ఎవరికీ ఆ రెండు మాటలకు మించి రాయలేదు.

గాయని పక్క ఫొటోలో, ప్యాంటు వెనకవైపు చిరిగిపోయి, ఫైలు అడ్డం పెట్టుకుని పక్కపక్కగా నడుస్తున్న ఒక బక్క కుర్రాడు. ఇన్‌చార్జి గారు ముందుకు వంగారు.

"ఇది నేనేగా?"

"మీరు ఉద్యోగంలో చేరిన కొత్తల్లోదండి."

"దీనికి ఈ మాట ఎప్పుడు రాశావ్?"

"ఫొటో వచ్చిన రోజేనండి."

"మరి ఈగది అప్పుడే ఎందుకు మార్చలేదు?"

"నిద్రపోవడంలో సిగ్గుపడేదేముందనుకున్నానండి."

ఇన్‌చార్జి గారు ఆ కుర్రాణ్ణి చూశారు, గాయనిని చూశారు. తెర మీదున్నవన్నీ తనే మూసేశారు.

"అయితే ఆవిడ ఫొటో దొరకలేదు."

"వెతుకుతూనే ఉన్నానండి."

"మరీ అంత వెతక్కు," అని నావైపు తిరిగారు. "అమ్మాయ్, రేపు రిహార్సల్‌కి కెమెరా పంపించి, పాడుతున్న ఫొటో తీయించి వెయ్యి."

ఆయన వెళ్ళాక మెల్లగా అడిగాను. "బాబాయ్, ఆ తడి గోడలో నావి కూడా ఏమైనా ఉన్నాయా?"

"లేవమ్మా," అన్నాడు బాబాయి, అడగడం పూర్తికాకముందే. కీబోర్డు తనవైపు జరుపుకున్నాడు.

నా సీటు దగ్గరా కంప్యూటరుంది. ఆ రెండు మాటలూ కొట్టడం ఎంతసేపు? ఇంతవరకూ కొట్టలేదు.