జాజు చుక్క పెట్టిన మామిడి పెట్టెలు: తిరుమలగిరి నుంచి కొల్లాపూర్ దాకా

మొన్న వేసవిలో మా అమ్మాయి సరిత ఫోన్ చేసి, "నాయినా, ఎల్లుండి మీటింగుల ఊరు రెండు ముక్కలైతే నేను దిగిపోత" అన్నది. కొల్లాపూర్ దగ్గరి పల్లెలో దాని అత్తగారిల్లు. అక్కడి చిన్న రైతులు పెట్టుకున్న మామిడి సంఘానికి అదే అధ్యక్షురాలు. చాలా ఊళ్ల సంఘాలున్న ఒక పెద్ద సమాఖ్య వీళ్లను కూడా కలవమంటోంది. కలిస్తే లారీలు, చల్లటి గోదాము, దూరపు బేరగాళ్లు దొరుకుతారు. కానీ ధర ఇక మన చేతిలో ఉండదు. సగం మంది కలుద్దామని, సగం మంది వద్దని. మేం వెళ్లి చేసేదేమీ లేదు. అయినా కూతురి గొంతు అట్లా విన్నాక ఇంట్లో కూర్చోగలమా? నేనూ మా లక్ష్మమ్మా బయల్దేరాం.

తిరుమలగిరిలో తెల్లవారగానే సూర్యాపేట బస్సెక్కాం. అక్కడి నుంచి నల్లగొండ, తర్వాత దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, చివరికి కొల్లాపూర్. బస్సులు మారుతూ పోతే పొద్దంతా పడుతుంది. నాకు టికెట్లకు నాలుగు వందల దాకా అయ్యింది. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. "చూసినవా, సర్కారు నన్ను గుర్తువట్టింది. నువ్వే కిరాయి కట్టాలె" అని మా ఆవిడ మురిసిపోయింది. "ఆధార్ కార్డు చూపియ్యకపోతే నీగ్గూడ కిరాయే అవ్వా" అన్నాడు కండక్టరు. సంచి అంతా కుమ్మరించింది పాపం. చివరికి కార్డు కొంగుముడిలో దొరికింది.

దేవరకొండ బస్టాండు బయట జొన్నరొట్టెలు తిన్నాం. మెత్తగా, వేడిగా, ఎంత బాగున్నాయో చెప్పలేను. రొట్టెలు చేసే ఆమెకు మా సంగతంతా చెప్పి, "కలిస్తే మంచిదేనా చెల్లె?" అని అడిగాను. ఆమె రొట్టె తిప్పుతూ, "మేం ముగ్గురం ఒక్క పొయ్యి మీదనే చేసేటోళ్లం. ఉప్పు ఎంతెయ్యాల్నో రోజూ పంచాదే. గిప్పుడు పొయ్యి నాదే, ఉప్పు నాదే. కట్టెలు గూడ నేనే మోస్కుంటున్న" అన్నది. లక్ష్మమ్మ పడీపడీ నవ్వింది.

డిండి దాటాక ఎర్రనేలలు, గుండ్ల గుట్టలు కనబడగానే నా ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు ఎండాకాలం మా గొర్రెలను ఈ దిక్కే కృష్ణ ఒడ్డుకు తోలుకొచ్చేవాళ్లం. నాలుగైదు ఇళ్ల గొర్రెలు కలిపి ఒకే మంద. కాపలా ఒకటే, వంట ఒకటే. కానీ ఎవరి గొర్రె వీపు మీద వాళ్ల రంగు గుర్తు ఉండేది. నచ్చనివాడు తన గొర్రెలను పిలుచుకొని వెళ్లిపోవచ్చు. ఏరు దాటేటప్పుడు మాత్రం ఎవరూ విడిపోకూడదు.

పొద్దు వాలుతుండగా ఊరు చేరాం. తోట పక్క రేకుల షెడ్డులో మీటింగుకు అందరూ ఇంకా రాలేదు. సమాఖ్యకు చూపించడానికి మా వాళ్ల అట్టపెట్టెలు, పక్క ఊళ్ల పెట్టెలు ఒకే చోట పేర్చి ఉన్నాయి. అన్నీ ఒకే తీరు. నాకు మనసాగలేదు. గోడకు పూయడానికి గిన్నెలో కలిపి పెట్టిన జాజు ఎర్రమట్టి కనబడితే, వేలు ముంచి మా అమ్మాయి ఊరి పెట్టెలన్నిటికీ మూల మీద ఎర్రటి చుక్క పెట్టేశాను.

మీటింగులో బాలయ్య అనే పెద్దాయన మొదటే లేచాడు. "సొంత రాష్ట్రం కోసం రోడ్ల మీద వంటలు చేసుకుంట కూసున్నం. గిప్పుడు సొంత సంఘం తీస్కపోయి పెద్దోళ్ల చేతుల పెడ్తమా బిడ్డా?"

సరిత నిమ్మళంగా, "రాష్ట్రం వచ్చినంక దేశం ఇడిసినమా మామా? సముద్రం అవుతల కొన్ని దేశాలు గూడ ఎవరి జెండా వాళ్లు పట్టుకొనే ఒక్క సంతల అమ్ముకుంటున్నయి" అన్నది.

"గట్ల కలిసి, మళ్ల బయటికొచ్చిన దేశం గూడ ఉన్నదట. మా మనుమడు చెప్పిండు."

"ఉన్నది. అంటే తలుపు తీసే ఉన్నది గద."

"సరే, గంత పెద్ద సంతల మన పండు మనదని ఎవడెరుగుతడు?"

అప్పుడే సమాఖ్య నుంచి వచ్చిన మేడమ్ పెట్టెలు చూసి, "కొత్త పెట్టెలకు ఎర్రగ ఏం పూసిన్రు?" అని అడిగింది. నేను తల వంచుకున్నాను. "ఇంకెవరు, మా ముసలాయినే. మామిడికాయలను గొర్లనుకున్నడు" అన్నది లక్ష్మమ్మ. షెడ్డంతా నవ్వులే. ఇక దాచేదేముందని మా మంద సంగతి చెప్పేశాను.

బాలయ్య నవ్వలేదు. ఒక పెట్టె ఒళ్లో పెట్టుకొని చుక్క తడిమి చూశాడు. "గీ చుక్క పట్నం దాకా ఉంటదా?" అని మేడమ్‌ను అడిగాడు.

"ఉండనియ్యండి. ధర మాత్రం అందరం కూసోని చెప్పిందే."

"నచ్చకపోతే?"

"పంట అయినంక పోవచ్చు. నడుమల పోతే లారీ నిండదు."

"ఏరు దాటినంకనే అన్నట్టు. బావ చెప్పిందే గద" అని నా దిక్కు చూసి, బాలయ్య చెయ్యెత్తాడు. "ఒక్క పంటకే, బిడ్డా." వెనకాలే ఒక్కొక్కటిగా చేతులన్నీ లేచాయి. సరిత కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఏది మేలో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. రొట్టెల చెల్లె మాటా నిజమే, బాలయ్య భయమూ నిజమే. ధర తక్కువొస్తే వచ్చే ఏడు మళ్లీ కొట్లాట తప్పదు. అయినా ఊరు ముక్కలు కాలేదు, నా బిడ్డ దిగిపోలేదు. తిరుగు ప్రయాణంలో పక్క సీటు వాళ్లందరికీ పండ్లు పంచి ఈ కథే చెప్పుకుంటూ వచ్చాను.

మీరూ వెళ్లాలనుకుంటే మొదటి బస్సే పట్టుకోండి, ఆలస్యమైతే చివరి మార్పు దగ్గర ఇబ్బంది. మామిడి కొనేటప్పుడు పెట్టె మూల మీద ఎర్రటి చుక్క ఉందేమో చూడండి. ఉంటే అది మా అమ్మాయి ఊరిది.