జవాబులే మిగిలిన పాట

నిజామాబాద్ వీధుల్లో ఆటోకు మైకు కట్టుకుని చీరల సేల్ గురించి ఊదరగొట్టే ఆడగొంతు ఒకటుంది. మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు దాన్ని తిట్టుకుంటారు. ఆ గొంతు నాదే. మా ఇంటి వెనకగదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, కంప్యూటర్ ముందు కూర్చుని రికార్డు చేస్తాను. కంటి శిబిరాలు, స్కూలు అడ్మిషన్లు, తప్పిపోయిన బర్రెలు, అన్నింటికీ నేనే.

ఆటో మైకుకు గొంతు ఒకే మట్టంలో ఉండాలి. గట్టిగా అన్నది పగిలిపోకూడదు, మెల్లగా అన్నది బండ్ల రొదలో కొట్టుకుపోకూడదు. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోనే ఉంది. అయినా తెరమీది బొమ్మ మీటల్ని మౌస్‌తో తిప్పితే నాకు తృప్తి ఉండదు, చేతికి బరువు తగలాలి. అందుకని పట్టుబట్టి కంప్రెసర్ అనే ఇనుప పెట్టె తెప్పించుకున్నాను. ఎదురింటి టైలర్ సాబ్ దాన్ని చూసి, "ఏసీ పెట్టిస్తున్నవా బేటీ?" అన్నాడు. కాదు, గొంతును అణిచేది అన్నాను. "అయితే మంచిగ చేసినవ్, గల్లీకంత ఆరామ్" అన్నాడు.

దాని ముఖాన ఒక సన్నని ముల్లు ఉంటుంది. గొంతు పెరిగినప్పుడల్లా వెనక్కి వాలుతుంది, తగ్గగానే మళ్లీ తన చోటికి వస్తుంది. గట్టిదాన్ని అణిచాక మొత్తాన్ని పైకి లేపుకోవచ్చు. అప్పుడు మెల్లని మాట కూడా ముందుకొచ్చి నిలబడుతుంది. ఒకసారి అణిచి రికార్డు చేసిన గొంతును మళ్లీ విప్పడం కుదరదు. అందుకే ముందు ఉన్నదున్నట్టు రికార్డు చేసుకుని, తర్వాత దాన్ని వైరు మీద పెట్టెలోకి పంపి, అటునుంచి మళ్లీ కంప్యూటర్‌లోకి తెచ్చుకుంటాను.

ఊరందరి సరుకూ ఉంది నా కంప్యూటర్‌లో. మా అవ్వ గొంతు లేదు. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. మైకు పెట్టి ఒక్క పాట పాడమంటే "నేనేమన్న రేడియోనా?" అని చీపురందుకునేది. ఆమె పోయి కొన్నేళ్లయింది. ఫొటోలు ఎన్ని చూసినా నా ఆకలి తీరదు. నాకు ఆమె గొంతు కావాలి.

బోధన్ దగ్గర మా ఊళ్లో బతుకమ్మ ఆడేటప్పుడు అవ్వ పాట ఎత్తుకుంటే చిన్నమ్మ అందుకునేది. అక్కాచెల్లెళ్లిద్దరినీ ఒకే ఇంటికి ఇచ్చారు, పొద్దున పోట్లాడుకున్నా సాయంత్రం పాటలో కలిసేవాళ్లు. నిజాంసాగర్ కాలువ నీళ్లు మా చెరుకు మడికి రావడం మీద అవ్వ సొంతంగా కట్టిన పాట ఒకటుండేది. అవ్వ ప్రశ్న వేసేది, చిన్నమ్మ జవాబిచ్చేది. ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. చిన్నమ్మ నోట్లో ఉన్నన్నాళ్లే ఉంటుంది. అవ్వ గొంతు ఎలాగూ రాదు, కనీసం ఆమె అడిగిన మాటలైనా దక్కించుకోవాలని నా తపన.

మొన్న పసుపు కాలంలో చిన్నాయన మార్కెట్ యార్డుకు పసుపు తెచ్చి, చిన్నమ్మను మా ఇంట్లో దింపి పోయాడు. దొరికిందే సందని ఆమెను మైకు ముందు కూర్చోబెట్టాను.

"పువ్వు లేదు, పండుగ లేదు. గిప్పుడు పాటేంది బిడ్డా?" అని గునిసింది.

"నువ్వు పాడు చిన్నమ్మా, పువ్వు నేను తెచ్చిపెడ్త."

పాడింది, కానీ చప్పట్లు కొడుతూ. తర్వాత పెట్టెలోకి పంపితే, చప్పుడు పడ్డచోటల్లా అది దాన్నే గొంతనుకుని అణుస్తుంది, దాంతోపాటు పాట కూడా మునిగిపోతుంది. చప్పట్లు వద్దన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకోగానే ఆమె పాట మరిచిపోయింది. చేతులు కట్టేసి ఈత కొట్టమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? చివరికి ఒక తువ్వాల మడిచి ఒళ్లో పెట్టి, దానిమీద చరుచుకోమన్నాను. అప్పుడొచ్చింది పాట.

"కాలువ గట్టు మీదుంది ఉయ్యాలో. తూము కాడ ఆగింది ఉయ్యాలో."

అన్నీ జవాబులే. "ప్రశ్నలేవి?" అన్నాను.

"అడిగేది అక్క గదా. నాకేం ఎరుక?"

"ఇన్నేండ్లు పక్కన నిలబడి విన్నవు. ఒక్కటన్న యాదికి లేదా?"

"ఏడాదికొక తీరు అడిగేది బిడ్డా. మా అత్త ఎదురుంగ ఉంటె ఒక తీరు, లేకుంటె ఇంకో తీరు. నా జవాబైతె మారలే."

తూము దగ్గర ఆగింది నీళ్లో, అత్తగారి కోపమో, అవ్వ ఏ ఏడు ఏం పెట్టి అందరినీ నవ్వించిందో ఇక ఎవరు చెబుతారు? నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నేనే ఒక ప్రశ్న అల్లి ఎత్తుకున్నాను. చిన్నమ్మ చేదు మింగినట్టు ముఖం పెట్టింది. "అక్క గట్ల అడుగది" అంది. "నువ్వు ఊకో. అక్క అడిగినంత సేపు నేను ఆగుత. గట్లయితెనే నాకు జవాబొస్తది."

అలాగే పాడింది. ఒక జవాబు, ఒక ఖాళీ. మళ్లీ జవాబు, మళ్లీ ఖాళీ. ఖాళీల్లో కళ్లు మూసుకుని తువ్వాల మీద చరుస్తూ కూర్చుంది.

ఆమె చాయ్ పెట్టడానికి లేచాక విని చూసుకున్నాను. ఖాళీలు చప్పగా, బోసిగా ఉన్నాయి. కత్తిరించి జవాబుల్ని దగ్గరికి జరుపుదామనుకున్నాను. ముందు గొంతును సమం చేద్దామని పెట్టెలోకి పంపాను. జవాబు వచ్చినప్పుడు ముల్లు వాలింది, ఖాళీ రాగానే లేచింది. చిన్నమ్మ గొంతు ఇంకా పలచగా ఉందని మొత్తాన్ని పైకి లేపాను.

దాంతో ఖాళీలు కూడా లేచాయి. గాజుల చప్పుడు వచ్చింది, ఊపిరి వచ్చింది. వాటి వెనక ఎక్కడో ఒక కూనిరాగం వినిపించింది. చిన్నమ్మ నోరు మూసుకుని, తనకే తెలియకుండా, అక్క వంతు రాగాన్ని ముక్కుతో తీస్తోంది. చివర పైకి లాగి చటుక్కున విడిచే ఆ విరుపు మా అవ్వది. ఇంకెవరూ అలా విడవరు. నేను ఏడ్చాను. ఏడుస్తూనే మాటలకోసం మీట ఇంకా తిప్పాను. బుస్సుమనే హోరు పెరిగింది తప్ప ఒక్క మాటా రాలేదు. రాగం ఉంది, లోపల అవ్వ అడిగింది లేదు. నాకు అంతవరకే రాసిపెట్టి ఉందేమో అనుకున్నాను.

చాయ్ తెచ్చిన చిన్నమ్మకు హెడ్‌ఫోన్ తగిలించి మొదటినుంచి పెట్టాను. తన జవాబుల దగ్గర ఏమీ పట్టనట్టు కూర్చుంది. ఖాళీ రాగానే కళ్లు మూసుకుని తల కాస్త పక్కకు వంచింది. ఇంకో ఖాళీ దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

"ఏమడిగింది చిన్నమ్మా?" అన్నాను. వినిపించలేదేమోనని ఆమె మోకాలు పట్టి కుదిపాను.

నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. కళ్లు తెరవలేదు.

"ఆగు బిడ్డా, ఇంకా అడుగుతున్నది."