సిగ్నల్ దగ్గర ఉడికిపోయే టాక్సీ

చావ్‌జౌ రైలుస్టేషన్ వెనక సందులో కార్ల ఏసీలు బాగుచేసే తూ జిన్‌ఫెంగ్‌కి, అడగ్గానే గ్యాస్ కొట్టి పంపడమంటే తగని చిరాకు. "కాస్త గ్యాస్ కొట్టు ఓనరమ్మా, చల్లదనం తగ్గింది" అంటూ వచ్చినవాళ్ళని ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెడుతుంది. వేడిగాలి పొద్దున్నే వస్తోందా, ఎండెక్కాకా? కారు కదులుతున్నప్పుడా, ఆగినప్పుడా?

కావోస్యుంగ్ నగరంలో ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు సబ్బునురగ పూసి గొట్టాల్లో చిల్లులు వెతికిన మనిషి ఆమె. గ్యాస్ దానంతటది అరిగిపోదనీ, పోయిందంటే ఎక్కడో చిల్లు పడ్డట్టేననీ అక్కడే తలకెక్కింది. నలభై ఒకటో ఏట సొంతూరొచ్చి షెడ్డు తెరిస్తే, రెండు నెలల్లో మూసేస్తుందని సందులో మగవాళ్ళు పందేలు కట్టారు. అది జరిగి పద్నాలుగేళ్ళు. ఇప్పుడు ఎండలు ముదిరితే వాళ్ళే ఆమె షెడ్డు ముందు వరస కడతారు.

జూలైలో ఒక రోజు పదకొండింటికి పాన్ వెన్‌సుంగ్ తన పసుపు టాక్సీ తెచ్చాడు. పక్కసీట్లోంచి అతని భార్య చ్యూయెన్ దిగింది. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

"అక్కా, దీన్ని బాగుచేస్తావో, తుక్కుకింద తోసేస్తావో నీ ఇష్టం. ఇద్దరు మెకానిక్కులు గ్యాస్ కొట్టారు. మూడోవాడు కంప్రెసర్ పోయిందన్నాడు" అంది చ్యూయెన్.

"హైవే మీద భలే చల్లగా ఉంటుంది, అక్కా," అన్నాడు వెన్‌సుంగ్, కారుని సమర్థిస్తూ. "సిగ్నల్ దగ్గర ఆగితేనే..."

"ఆగితేనే ఆవిరిమీద ఉడికే బన్నులా ఉంటాం!"

జిన్‌ఫెంగ్ నవ్వి ఇంజను, ఏసీ వెయ్యమంది. బానెట్ ఎత్తి ఏసీ గొట్టాలు రెండూ పట్టుకు చూసింది. చల్లగా చెమట పట్టాల్సిన లావు గొట్టం గోరువెచ్చగా ఉంది. గ్యాస్ ఒత్తిడి చూసే గేజి తగిలిస్తే ముల్లు పైపైకి పోయింది. గ్యాస్ తక్కువ కావడం మాట అటుంచి, ఎక్కువే ఉంది. బకెట్‌తో నీళ్ళు తెచ్చి, ముందున్న కండెన్సర్ మీద నెమ్మదిగా పోసింది. లోపలి వేడిని బయటికి వదిలే జాలీ అది.

"లోపల చెయ్యి పెట్టి చూడు."

వెన్‌సుంగ్ ఏసీ ముందు చెయ్యి పెట్టాడు. రెండు నిమిషాలకి అతని ముఖం వెలిగిపోయింది. "చల్లగా వస్తోంది! అక్కా, నీళ్ళు పోస్తే చాలా?"

"చాల్లే, బకెట్ పట్టుకుని నువ్వు కారు ముందు పరిగెత్తుతావా? కంప్రెసర్ రాయిలా గట్టిగా ఉంది, దానికేం కాలేదు. వేడి బయటికి పోయే దారే లేదు. అదీ సంగతి."

జాలీ వెనక ఫ్యాను తిరుగుతూనే ఉంది. జిన్‌ఫెంగ్ ఒక పల్చటి కాగితాన్ని జాలీ ముందు పెట్టి వదిలింది. గాలి లాగితే అతుక్కోవాలి. కాగితం తీరిగ్గా నేలమీద పడింది. ముందునుంచి చూస్తే జాలీ తళతళలాడుతోంది. ఇదివరకటి మెకానిక్కులంతా అక్కడికే చూసి ఊరుకున్నారు. ఆమె బంపర్ విప్పి, కండెన్సర్‌ని ముందుకి వంచి, దానికీ రేడియేటర్‌కీ మధ్యలోకి టార్చి వేసింది.

లోపల బొంత పరిచినట్టుంది. వేళ్ళతో లాగితే దుమ్ముతో కలిసి పెచ్చులుపెచ్చులుగా తెల్లటి నూగు ఊడొచ్చింది.

"బాతు ఈకలు!" అంది జిన్‌ఫెంగ్ తుమ్ముతూ. "ఏమయ్యా, టాక్సీలో మనుషుల్ని తిప్పుతున్నావా, బాతుల్నా? రోజూ ఒకేచోట ఏసీ వేసుకుని గంటలకొద్దీ ఆపితే తప్ప ఇంత పట్టదు."

వెన్‌సుంగ్ విప్పిన బంపర్ మీది దుమ్ము తుడవసాగాడు. నోరు జారానని జిన్‌ఫెంగ్‌కి అప్పుడు తట్టింది. చ్యూయెన్ ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని చూస్తోంది.

"మధ్యాహ్నాలు స్టేషన్ దగ్గర బేరాల కోసం చూస్తున్నానన్నావు."

"అన్నాను."

"మా నాన్న దగ్గరికి పోతున్నావా?"

వాళ్ళ పెళ్ళి ఇష్టంలేక ఆ ముసలాయన ఆరేళ్ళ కిందట కూతుర్ని బాతుల ఫారం గేటు బయటే నిలబెట్టాడు. అప్పటినుంచి తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు.

"పోయిన వేసవిలో ఆసుపత్రి నుంచి ఆయన్ని టాక్సీలో దింపాను," అన్నాడు వెన్‌సుంగ్ తల దించుకుని. "ఆ రేకులకొంపలో ఫ్యాను కూడా సరిగ్గా లేదు. మధ్యాహ్నం కార్లో చల్లగా కూర్చుని అన్నం తింటాడు. ఒక కునుకు తీస్తాడు. అంతే."

"నా గురించి ఏమైనా అడుగుతాడా?"

"రోజూ నన్ను తిడతాడు. తిట్టడం అయ్యాక, ఇంట్లో నువ్వు తిన్నావో లేదో అడుగుతాడు."

చ్యూయెన్ కుర్చీలో కూలబడింది. జిన్‌ఫెంగ్ ఏమీ విననట్టే గాలిగొట్టం పెట్టి జాలీలోని నూగంతా ఊదింది, నీళ్ళతో కడిగింది, పాత గ్యాస్ లాగేసి తూకం ప్రకారం కొత్తది నింపింది. బంపర్ బిగించేసరికి ఒంటిగంట దాటింది. ఈసారి కాగితం జాలీకి టపీమని అతుక్కుంది. కారు కదలకుండానే లోపల చలేసింది.

"ఇకమీద ఆ బాతుల షెడ్డు దగ్గర ఆపకు. ఈకలు ఎగిరిరాని వైపు, దూరంగా పెట్టుకో," అంది జిన్‌ఫెంగ్.

"ఇంక అక్కడ ఆపే పనే లేదు," అంది చ్యూయెన్ లేస్తూ. వెన్‌సుంగ్ ముఖం పాలిపోయింది. "మనింట్లో ఏసీ లేదా? ముసలాణ్ణి కార్లో కూర్చోబెట్టి అన్నం పెడతారా ఎవరైనా? పద, తీసుకొద్దాం."

"రానంటే?"

"అంటే అననీ. నేనూ ఆ మొండాయన కూతుర్నేగా, వచ్చేదాకా గేటు దగ్గరే కూర్చుంటా."

వెన్‌సుంగ్ చటుక్కున తాళంచెవి తిప్పాడు. చ్యూయెన్ అద్దం దించి, "అక్కా, అక్కడ దిగ్గానే నేనేం మాట్లాడాలి?" అంది.

జిన్‌ఫెంగ్ ముక్కుమీది నూగు తుడుచుకుని, "కారు చల్లగా ఉంది, ఎక్కు నాన్నా అను," అంది.