కప్పు కింద సాసరు

ఎర్ర పాకెట్టు చాయపత్తి తప్ప మరోటి నా గొంతు దిగేది కాదు. ఆకుపచ్చ పాకెట్టుది వగరు. టీవీలో ఊదరగొట్టే ఖరీదైనదానికి వాసనే తప్ప చిక్కదనం లేదు. జనగామలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆఫీసు పక్క హోటల్లో అంటుకుంది ఈ రోగం. ఎవరైనా వేరే పత్తి చాయ్ ఇస్తే ఒక గుక్క తాగి, మొహం చిట్లించి పక్కన పెట్టేవాణ్ణి. అబ్బో, ఎంత తెలిసినవాణ్ణో! ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా అక్కది కేసముద్రం. మార్కెట్ యార్డులో ధాన్యం చెరిగే పని. బాపు పోయాక నన్ను చదివించింది ఆ పనితోనే. ఆమెకు పాకెట్టూ గీకెట్టూ లేదు. కిరాణా కొట్టులో రంగుకని సన్నపొడి, వాసనకని బరకపత్తి విడివిడిగా తీయించి, అరచేతిలో వేసుకొని వాసన చూసి, అప్పుడు కలిపి కట్టమనేది. పొద్దున్నే దాన్ని బెల్లంతో మరిగించి, పాలు లేకుండా నల్లగా తాగి యార్డుకు పోయేది. పరీక్షలప్పుడు నాకూ అదే పోసేది. పది పాసయ్యింది ఆ చాయ్ తాగే.

ఉద్యోగం వచ్చిన రెండో ఏడు ఒక ఆదివారం రైలు దిగి అక్క ఇంటికి వెళ్ళాను. ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు అరుగు మీద ఉన్నారు. తమ్ముణ్ణి చూపించుకుందామని అక్కే పిలిచిందట. అందరికీ ఇచ్చి, నాకూ ఒక గ్లాసు చాయ్ ఇచ్చింది. నేను తాగలేదు. సంచిలోంచి ఎర్ర పాకెట్టు తీశాను.

"అక్కా, గీ చెత్తపొడి ఎన్ని రోజులు తాగుతవే? నాకు గీ పత్తితోని పెట్టు."

మా వైపు ఎవరింటికి పోయినా చాయ్ వద్దనరు. అప్పుడే తాగొచ్చినా సరే, సగం గ్లాసన్నా తాగే లేస్తారు. అరుగు మీది ముసలామె ఒకతి, "సదువుకున్నోడు గదనే, మన చాయ్ ఎట్ల తాగుతడు" అని నవ్వింది. అక్క కూడా నవ్వింది. నా చేతిలోని గ్లాసు తీసుకొని, తనే తాగేసి, పాకెట్టు పట్టుకొని లోపలికి పోయింది. నవ్విందిగా, ఏం కాలేదనుకున్నాను. గాడిదను!

అప్పట్నుంచి ఆ ఇంట్లో చాయ్‌కి రెండు గిన్నెలు. నాకు పాలు పోసిన ఎర్ర పాకెట్టు చాయ్, కప్పులో, కింద సాసరుతో. తనకు అదే నల్ల చాయ్, స్టీలు గ్లాసులో, అదీ నేను తాగి లేచాక, వంటింట్లో నిలబడి. ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మొన్న వానలో తడుస్తూ వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అక్క పొయ్యి దగ్గర గ్లాసు పట్టుకొని కూర్చుంది. ఇల్లంతా బెల్లం, పత్తి కలిసి మరిగిన వాసన. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, నాకు గదే పొయ్యవే."

గ్లాసు చటుక్కున కొంగు చాటుకు పోయింది. "గిది నీకు పడదు తమ్మీ. జర ఆగు, నీ పాకిటు తెచ్చిపెట్టిన."

"పడ్తదక్కా. చిన్నప్పుడు తాగలేదా? నిజంగనే అడుగుతున్న."

"ఏందిరా, నా కాడ నీకు మొహమాటమా?" అంటూ లేచి డబ్బా మూత తీసింది. లోపల ఎర్ర పాకెట్టు, మూతికి బట్టల క్లిప్పు.

ఇన్నేళ్ళకు నోరు పెగిలింది. "ఆ రోజు అందరి ముంగట గట్ల అన్న. తప్పైందక్కా."

"ఏ రోజు? నాకేం యాదికి లేదు" అంది, నా వైపు చూడకుండా.

పాలు పొంగాయి. కప్పు కింద సాసరు పెట్టి నా ముందు ఉంచింది. నేను తాగి లేచేదాకా తన గ్లాసు ముట్టలేదు.