వాపసు ఇచ్చిన పుస్తకం

ఉచితంగా వచ్చిన పుస్తకాన్ని చేజేతులా పోగొట్టుకుని, పాపం ఏమీ ఎరగని పిల్లతో తగవు పెట్టుకున్న మొనగత్తెను నేనే. నవ్వండి, పరవాలేదు. నేను చెబుతుంటే రాసిపెడుతున్న మస్తాన్‌బీ ఇప్పటికే పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

మా ఆయనకు పుస్తకాల పిచ్చి. నేను మిరపకాయల తొడిమలు తీస్తుంటే, ఆయన మంచం మీద కూర్చుని వీధి చివరికి వినపడేలా చదివేవాడు. నాకేమో అక్షరాలు కూడబలుక్కుంటేగాని రావు. ఒక దొంగల నవల సగంలో ఉండగా ఆయన పోయాడు. ఆ తర్వాత బీరువాకు చెదలు పట్టి పుస్తకాలన్నీ పొడిపొడిగా రాలిపోయాయి. ఆ దొంగ దొరికాడో లేదో తెలియక నాకు అన్నం సయించేది కాదు.

పోయినేడు, ఎదురింట్లో బట్టలు కుట్టే ఈ మస్తాన్‌బీ నా ఫోను తీసుకుని చూపించింది.

"ఇందులో పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి పిన్నీ. ఇదే చదివి వినిపిస్తుంది కూడా."

"ఉచితమా? ఎవరి సొమ్మే అది?"

"పెద్ద లైబ్రరీ అనుకో. కావలసింది దించుకోవడమే."

లైబ్రరీ అన్నాక తెచ్చుకున్నది తిరిగి ఇవ్వాలి కదా! ఒక్కో పుస్తకం వినడం, వెంటనే చెరిపేయడం. చెరిపితే అది వెనక్కి వెళ్లి దాని బీరువాలో అది కూర్చుంటుందని నా నమ్మకం. చెదలు తిన్న బీరువాకు బదులు ఫోను నింపుకోమని ఆ పిల్ల నేర్పితే, నేను ఖాళీ ఫోను పట్టుకుని మహారాణిలా తిరిగాను.

ఒకరోజు ఆయన నవలే దొరికింది! సరిగ్గా ఆయన ఆపిన చోటు దాకా వచ్చాను. అప్పుడే మస్తాన్‌బీ గుమ్మంలోంచి, "మార్టూరులో మా చెల్లెలు షమీమ్ కూడా ఆ పుస్తకమే కావాలంటోంది పిన్నీ" అంది. నోరు తెరిచి అడిగిన పిల్లకు లేదంటామా? టక్కున చెరిపేశాను.

వారం ఓపిక పట్టి షమీమ్‌కు ఫోను చేశాను.

"ఎందాకా వచ్చావమ్మా?"

"ఎక్కడికి పిన్నీ? ఇంట్లోనే ఉన్నా."

"పుస్తకం సంగతే తల్లీ! నువ్వు వదిలితేగాని నాకు రాదు."

"నేనింకా మొదలే పెట్టలేదు."

"మొదలుపెట్టకుండా ఎందుకు పట్టుకు కూర్చున్నావే? మా ఆయన పుస్తకం అది! నేనింకా సగంలోనే ఉన్నా!"

నా కేకలకు మస్తాన్‌బీ కుట్టుమిషను వదిలి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో పిన్నీ! ఒకళ్లు పట్టుకుంటే అయిపోవడానికి అదేమన్నా ట్యాంకరు నీళ్లా? ఊరంతా ఒకేసారి దించుకోవచ్చు!"

నా ముఖం కల్లంలో ఆరబోసిన కాయలకంటే ఎర్రబడింది. షమీమ్‌ను బతిమాలుకుని, మళ్లీ దించుకుని వినడం మొదలుపెట్టాను. ఫోను గడగడా చదువుకుపోతోంది. మంచి పట్టులో ఆపేసి, "టీ పెడితేనే మిగతాది" అని బెదిరించడం దానికి రాదు. మా ఆయన ఒక్క నవలకు ఎన్ని టీలు తాగేవాడో! ఇక ఒక్క పేజీయే ఉందని మస్తాన్‌బీ చెప్పగానే ఆపేయమన్నాను.

"దొంగ దొరికాడా పిన్నీ?"

"దొరకనివ్వను."

ఎర్రటి మిరపకాయ అరచేతిలో పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇక బొందిలో ప్రాణం ఉండగా ఏ పుస్తకాన్నీ వాపసు ఇవ్వను. ఆ చివరి పేజీ మాత్రం విననంటే వినను. అది చదవాల్సిన మనిషి వేరే ఉన్నాడు.